అమ్రోలి ఒడ్డున నేను విన్న పిట్ట

సాంచె నడుస్తూ నడుస్తూ ఆగిపోతే మా పనిలో ఎవరూ దయ్యం పట్టిందనరు. పోగు తెగిందంటారు, బెల్టు జారిందంటారు, మోటారు కాలిందంటారు. ఓపికగా వెతికితే ఏదో ఒక కారణం దొరుకుతుంది. సాంచెలంటే కరెంటు మగ్గాలు, మా సిరిసిల్ల వైపు అలాగే అంటాం. ఇరవై ఆరేళ్ళుగా సూరత్‌లో నా పని అదే. ఆగిన సాంచె దగ్గరికి వెళ్ళి, ఎందుకు ఆగిందో కనిపెట్టి, మళ్ళీ నడిపించడం.

అలాంటి వాడికి దయ్యాలూ శకునాలూ ఎక్కడ ఎక్కుతాయి? షెడ్డులో తోటివాళ్ళు చెప్పుకునే కథలు విని నవ్వి లేచిపోయేవాడిని. ఇప్పటికీ అంతే. కింద రాస్తున్నది దయ్యం కథ అని కూడా నేను అనడం లేదు. దాన్ని ఏమనాలో నాకు తెలియదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు నా చెవుల సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

ఒక్క షెడ్డులో నలభై యాభై సాంచెలు ఒకేసారి ఆడుతుంటే ఆ చప్పుడు ఎలా ఉంటుందో అక్కడ నిలబడిన వాళ్ళకే తెలుసు. పక్కవాడి చెవిలో అరిచినా వినబడదు. అందుకే మేమంతా పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంటాం. పదేళ్ళ క్రితం ఒక రోజు ఇంట్లో కుక్కరు మాడిపోయింది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఎన్ని కూతలు వేసిందో, ఒక్కటీ నాకు వినబడలేదు.

ఆస్పత్రిలో చెవి డాక్టరు నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, ఒక కాగితం మీద గీత చూపించాడు. ఆ గీత ఎడమ వైపు ఫరవాలేదు. కుడి వైపుకు వెళ్ళేకొద్దీ మెట్ల మీద కాలు జారినట్టు కిందికి పడిపోయింది. మొద్దు శబ్దాలు మీకు ఉన్నాయి, సన్నటి శబ్దాలు పోయాయి, ఇక రావు అని చెప్పాడు. అది నిజమే. లారీ ఇంజను తెలుస్తుంది. తలుపు దబ్బుమంటే తెలుస్తుంది. మగవాళ్ళ గొంతు దగ్గర నుంచి అయితే కొంచెం అందుతుంది. ఫోను మోత, గంట, ఈల, పిట్టల అరుపులు ఏవీ లేవు. చెవి మిషను పెట్టుకుని చూశాను. హోరు తప్ప మాట పెరగలేదు. తీసి డబ్బాలో పెట్టేశాను.

ఇంత చెప్పి, నా సరదా పిట్టల ఫోటోలు తీయడం అంటే మీకు నవ్వు రావచ్చు.

అది ఒక సీతాకోకచిలుకతో మొదలైంది. నా భార్య భాగ్య ఇంట్లోనే చీరలకు దారాలు కత్తిరించే పని చేస్తుంది. ఒక మధ్యాహ్నం ఆమె ముందున్న చీరల మూట మీద నారింజ రంగు సీతాకోకచిలుక వచ్చి వాలింది. రెక్కల అంచు నల్లగా, ఆ నలుపులో తెల్లటి చుక్కలు. ఫోనులో ఫోటో తీశాను. సాయంత్రం మా అమ్మాయి మౌనిక ఆ ఫోటోను ఏదో యాప్‌లో పెడితే పేరు వచ్చింది. బట్టల మార్కెట్టులో కంప్యూటర్ పని చేసే పిల్ల, ఇవన్నీ దానికి తెలుసు. పిల్లపురుగుగా ఉన్నప్పుడు అది జిల్లేడు ఆకులు తిని పెరుగుతుందని కూడా చెప్పింది. మరుసటి సెలవు రోజు మా గల్లీ చివర జిల్లేడు చెట్టు దగ్గరికి వెళ్ళి ఆకులు తిప్పి చూస్తే, చారల చారల పురుగు నిజంగానే ఉంది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం చెప్పలేను. యాభైకి దగ్గర పడిన మనిషిని, చిన్నపిల్లాడిలా ఇంటికి పరుగెత్తుకొచ్చాను.

అప్పటి నుంచి ప్రతి సెలవుకూ పొద్దున్నే తాపీ నది ఒడ్డుకు వెళ్ళడం అలవాటైంది. మౌనిక ఒక పాత కెమెరా కొనిపెట్టింది. దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా లాగుతుంది. అమ్రోలి వైపు ఒడ్డున కట్ట మీద మట్టి దారి ఉంటుంది. దారికి ఒక పక్క నది, ఇంకో పక్క సర్కారు తుమ్మ పొదలూ గడ్డీ. అక్కడ ఎన్ని రకాల పిట్టలున్నాయో, ఇన్నేళ్ళు ఆ ఊళ్ళోనే ఉండి నేను చూడలేదు. అందరూ పిట్టను గొంతుతో వెతుకుతారు. నేను కళ్ళతోనే వెతకాలి. ఆకు కదిలితే ఆగుతాను. అలా అని నాకు బాధ లేదు. నిశ్శబ్దంగా తోకాడించే పిట్టను చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియదు.

పువ్వుల పేర్లు మాత్రం భాగ్య చెబుతుంది. యాప్ చెప్పే ఇంగ్లీషు పేరు ఆమెకు నచ్చదు.

"నీ ఫోనుకేమెర్క? గిది కట్లపువ్వు. గది గడ్డిచామంతి. చిన్నప్పుడు దెబ్బ తాకితె గా ఆకు నలిపి పూస్తుండె మా అవ్వ," అంటుంది.

నేను పేర్లన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాను. మా పేరు, ఇక్కడివాళ్ళ పేరు, ఇంగ్లీషు పేరు. తంగేడును ఇక్కడ ఆవళ్ అంటారు. నీళ్ళ పక్కన తిరుగుతూ గోల చేసే తీతువును టిటోడీ అంటారు. అది గోల చేస్తుందని నాకు భాగ్య చెబితేనే తెలిసింది.

ఇక ఆ పొద్దు సంగతి.

వానలు వెనుకబట్టిన రోజులు. ఇంకో రెండు వారాల్లో బతుకమ్మ. మా గల్లీలో తెలంగాణ ఇళ్ళు చాలానే ఉన్నాయి, ఆడవాళ్ళంతా కలిసి పేరుస్తారు. బజారులో బంతిపూలు దొరుకుతాయి గానీ గునుగు దొరకదు. అందుకని గునుగు ఎక్కడ పూసిందో ముందే చూసి పెట్టుకుందామని భాగ్య కూడా నాతో వచ్చింది. ఎనిమిది దాటి ఉంటుంది. ఎండ ఇంకా మెత్తగానే ఉంది. కట్ట దిగువన ఒక చోట గునుగు తెల్లగా, కొసల్లో గులాబీ రంగుతో మోకాలెత్తు లేచి ఉంది. ఆమె సంబరం చూడాలి. ఊళ్ళో ఉన్న చెల్లెలికి పంపిస్తానని ఫోను తీసి వీడియో మొదలుపెట్టింది. నేను ఆమెకు పది అడుగుల దూరంలో మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిచామంతి మీద వాలిన ఒక చిన్న నీలి సీతాకోకచిలుకను తీస్తున్నాను.

అప్పుడు వినబడింది.

మొదట అది శబ్దమని నాకు తట్టలేదు. చెవిలో సూది మొన తగిలినట్టు అనిపించింది. సన్నగా, పొడుగ్గా ఒకసారి 'చీ...' అని. తల తిప్పాను. సీతాకోకచిలుక ఎగిరిపోయింది. కాసేపటికి మళ్ళీ, ఈసారి రెండుసార్లు వెంటవెంటనే 'చీ, చీ' అని. చెవి మీద చెయ్యి పెట్టుకుని చూశాను. చేతిని తీయగానే మూడోసారి వచ్చింది.

పదేళ్ళ తర్వాత ఒక పిట్ట గొంతు విన్నవాడికి ఎలా ఉంటుందో అలా ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పిట్ట ఒర్రుతాంది, ఇంటున్నవా?" అని భాగ్యను అడిగాను.

ఆమె ఫోను పట్టుకునే నా వైపు చూసింది. "ఏ పిట్ట? నాకేం ఇనబడతలేదు. కాకి గూడ లేదీడ."

నాకు ఇంకో వింత అప్పుడే తట్టింది. ఆ శబ్దం ఎటు నుంచి వస్తోందో నాకు తెలుస్తోంది. చెవులు పోయినప్పటి నుంచి నాకు దిక్కు తెలియదు. వెనక హారన్ కొట్టినా ముందుకు చూస్తాను. కానీ ఇది కచ్చితంగా కుడివైపు తుమ్మ పొదల వెనక నుంచి వస్తోంది. దారం కట్టి లాగినంత స్పష్టంగా ఉంది.

ఆ పిట్టను ఫోటో తీయాలి. నా మనసులో అంతకుమించి ఏమీ లేదు. నాకు వినబడిన ఒక్క పిట్ట అది, దాన్ని వదులుకుంటానా? కెమెరా మెడలో వేసుకుని పొదల్లోకి నడిచాను.

"గటు దిక్కు పోకు, పాములుంటయ్! నీకు మస్తు షోకైతాంది గీ ఫోటోలతోని," అని ఆమె అరిచిందట. నాకు వినబడలేదు, తర్వాత ఆమే చెప్పింది.

ఆ పొదల్లో దారి లేదు. ముళ్ళకు చొక్కా చిరిగింది. రెండుసార్లు ఆగాను, రెండుసార్లూ ఆ 'చీ' వచ్చింది. ముందు కన్నా దగ్గరగా. ఒక మట్టి దిబ్బ ఎక్కి దిగాను. అవతల నడుమెత్తు గడ్డి. గడ్డి మధ్యలో ఒక మూల నుంచి లావుపాటి సిమెంటు పైపు కొస బయటకు కనబడుతోంది. దాని మీద ఏ పిట్టా లేదు. కెమెరాతో చుట్టూ వెతికాను. ఆ తర్వాత శబ్దం మళ్ళీ రాలేదు.

ఇంకొక అడుగు వేసి ఉంటే నేను కూడా పడిపోయేవాడిని. పైపు పక్కన పెద్ద గుంత ఉంది, పైన గడ్డి కప్పేసింది. గడ్డి జరిపి లోపలికి చూశాను. మనిషి నిలువుకు మించిన లోతు. అడుగున బురద నీళ్ళు. ఆ నీళ్ళలో ఒక ముసలామె పైపుకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం మట్టి రంగులో ఉంది. కళ్ళు మాత్రం తెరుచుకుని నన్నే చూస్తున్నాయి.

పెదాలు కదిలాయి. 'పాణీ' అంటోందని పోల్చుకున్నాను.

గట్టిగా కేక వేశాను. అప్పటికే నా వెనక పొదల దాకా వచ్చిన భాగ్య పరుగెత్తుకొచ్చింది. గుంతలోకి చూడగానే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అంతలోనే తేరుకుని, "నువ్వు దిగు, నేను మనుషులను తోల్కస్త," అని చేతులతో చెప్పి రోడ్డు వైపు పరుగు తీసింది. నేను గడ్డి వేళ్ళు పట్టుకుని దిగాను. నా సీసాలో నీళ్ళు కొంచెం కొంచెం తాగించాను. ఆమె కుడి కాలు అడ్డంగా తిరిగి ఉంది, ముట్టుకోలేదు. ఆమె నా చూపుడువేలు పట్టుకుని వదలలేదు. చేతులు మంచులా ఉన్నాయి. నేను తెలుగులో, హిందీలో ఏవేవో చెబుతూనే ఉన్నాను. ఏం కాదు బా, వస్తున్నారు బా అని. ఇక్కడ పెద్ద ఆడవాళ్ళను బా అంటారు.

భాగ్య ఒక ఆటోవాణ్ణి, ఒక పాలాయనను తీసుకొచ్చింది. మంచం ఒకటి తెచ్చి, తాళ్ళు కట్టి పైకి తీశాం. అంబులెన్సు కట్ట మీదికి వచ్చేసరికి తొమ్మిదిన్నర అయింది.

ఆమె పేరు మణి బా. దగ్గరలోని ఫళియాలో ఉంటుంది, ఫళియా అంటే వాడకట్టు. రెండు బర్రెలున్నాయి. కొడుకూ కోడలూ చుట్టాల పెళ్ళికి రెండు రోజులు ఊరెళ్ళారు. ముందు రోజు సాయంత్రం గడ్డికోసం వచ్చి గుంతలో పడింది. ఆమె కూడా పెళ్ళికి వెళ్ళి ఉంటుందని పక్కింటివాళ్ళు అనుకున్నారు. అంటే, ఆ రోజంతా ఆమె కోసం ఎవరూ వెతకరు. తుంటి దగ్గర ఎముక విరిగింది. ఇంకొక పూట ఆలస్యమైతే బతికేది కాదని ఆస్పత్రిలో ఆమె కొడుకుతో అన్నారట.

ఇంతవరకు ఇందులో వింత ఏమీ లేదని మీరు అనవచ్చు. నేనూ అదే అనుకున్నాను. నా చెవి ఏదో ఒక్క పూట పని చేసింది, ఆమె కేకలు పిట్ట అరుపులా వినబడ్డాయి, దేవుడి దయ, ఆమె బతికింది. అంతే.

ఐదారు రోజుల తర్వాత ఆస్పత్రికి చూడడానికి వెళ్ళాం. ఆపరేషన్ అయింది. దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే దగ్గరికి రమ్మని నా తల నిమిరింది. భాగ్యకు గుజరాతీ బాగా వచ్చు. బా మాటలు ఆమె నాకు పెదాలతో చెబుతూ ఉంది.

"నీ అరుపు ఇనే మా ఆయన అచ్చిండు బా," అని భాగ్య ఆమెకు చెప్పింది.

బా తల అడ్డంగా ఊపింది. తాను అరిచింది రాత్రి పొద్దుపోయే వరకే. తర్వాత గొంతు పూర్తిగా పోయింది. తెల్లవారాక ఊపిరి తప్ప ఏమీ రాలేదు. చేతిలో కొడవలి ఉండేదా, పైపు మీద కొట్టావా అని నేనే అడిగించాను. లేదు, కొడవలి పడేటప్పుడే బురదలో మునిగిపోయింది, ఎంత వెతికినా దొరకలేదంది.

తర్వాత ఒక మాట అంది. నేను భుజం తడితే భాగ్య దాన్ని నాకు చెప్పింది.

"తెల్లారినప్పటి సంది పైపు మీద ఓ పిట్ట కూసున్నదట. చిన్నది. నీలంగ, కడుపు కాడ ఎర్రగ. కలకలియో అంటున్నది బా. మన లకుముకి పిట్ట ఉంటది సూడు, గది."

"అయితే అదే ఒర్రింది," అన్నాను.

భాగ్య అడిగింది. బా మళ్ళీ తల అడ్డంగా ఊపింది. ఈసారి నాకు ఆమె చెయ్యి సైగే అర్థమైంది. రెండు వేళ్ళు దగ్గరికి చేర్చి, పిట్ట తన ముక్కు మూసుకున్నట్టు చూపించింది. అంతసేపూ అది నోరు తెరవలేదు. తానే దాన్ని చూస్తూ కూర్చుంది, నిద్రపోతే నీళ్ళలోకి జారిపోతానని భయం. నా తల గడ్డిలో కనబడే కొంచెం ముందు అది లేచి వెళ్ళిపోయింది. అప్పుడు కూడా అరవలేదు.

ఆ రాత్రి ఇంట్లో భాగ్య వీడియో సంగతి గుర్తు చేసింది. ఆ హడావుడిలో చెల్లెలికి పంపనే లేదు. మౌనిక తెరిచింది. గునుగు పూలు గాలికి ఊగుతున్నాయి. వెనకాల మోకాళ్ళ మీద నేను. ఉన్నట్టుండి తల కుడివైపు తిప్పుతాను. కాసేపాగి మళ్ళీ తిప్పుతాను. చెవి మీద చెయ్యి పెడతాను, తీస్తాను, మూడోసారి చూస్తాను. తర్వాత భాగ్యను అడుగుతాను. నేను చెప్పిన వరుస సరిగ్గా అలాగే ఉంది.

మౌనిక చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని శబ్దం మొత్తం పెంచి, నాలుగైదుసార్లు చూసింది.

"బాపూ, గాలి చప్పుడున్నది. అమ్మ గాజుల చప్పుడున్నది. దూరంగ రైలు కూత గూడ సాఫ్ ఇనబడతాంది. పిట్టైతె లేదు. బిల్‌కుల్ లేదు."

నాకు నిద్ర పట్టలేదని అబద్ధం చెప్పను, బాగానే పట్టింది. కానీ నాది కారణం వెతికే బుద్ధి. తర్వాతి సెలవుకు ముగ్గురం మళ్ళీ అక్కడికి వెళ్ళాం. అప్పటికి గుంతను పూడ్చేశారు. గునుగు దగ్గర నుంచి అక్కడికి అడుగులు లెక్కపెడితే రెండు వందలు దాటాయి. మధ్యలో తుమ్మ పొదలు, మట్టి దిబ్బ. భాగ్యను పైపు దగ్గర నిలబెట్టి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టమన్నాను. మౌనికా నేనూ గునుగు దగ్గర నిలబడ్డాం. మౌనికకు ఉందా లేదా అన్నట్టు వినబడింది. నాకు ఏమీ లేదు. నా చెవిలో ఎప్పుడూ ఉండే హోరును అనుమానించాను. అది సాంచెల హోరు లాంటిదే, మొద్దుగా ఉంటుంది, ఆగదు, దానికి దిక్కు లేదు. ముసలామె నడిచిన గుర్తులు ఏమైనా చూశానా అనుకున్నాను. ఆమె వచ్చింది అవతలి పొలం వైపు నుంచి, మా వైపు గడ్డి నలగలేదు.

చెవి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. మళ్ళీ ఆ చిన్న గదిలో కూర్చోబెట్టారు. గీత పాత గీత కన్నా కొంచెం కిందే పడింది. నేను జరిగింది చెబితే ఆయన నవ్వలేదు. కాగితం వైపు చూసి, "ఈ చెవులతో విని ఉండే అవకాశం లేదు. కానీ మీరు వెళ్ళారు కదా," అని రాసి చూపించాడు.

మణి బా దసరాకు ముందు ఇంటికి వచ్చింది. ఆ సంవత్సరం మా బతుకమ్మకు పూలు వెతుక్కునే పని పడలేదు. బా కొడుకు తన పొలం గట్ల మీది గునుగు, తంగేడు రెండు గోనెసంచుల నిండా కోసి మోటారు సైకిలు మీద తెచ్చి మా గల్లీలో దించాడు. మా ఆడవాళ్ళు అంత పెద్ద బతుకమ్మను సూరత్‌లో ఎన్నడూ పేర్చలేదు. భాగ్య పొద్దంతా పాడుతూనే ఉంది. నాకు ఆమె గొంతు వినబడదు గానీ, పాడేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను ఆ రోజు తీసిన ఫోటోలు ఇప్పుడు మా చుట్టాలందరి ఫోన్లలో ఉన్నాయి.

చివరి ముచ్చట ఇంకొకటి ఉంది. ఇదే నేను ఎక్కువగా తలుచుకునేది.

దీపావళికి ముగ్గురం స్వీటు డబ్బా పట్టుకుని బా ఇంటికి వెళ్ళాం. మధ్యాహ్నం. ఆమె అప్పటికి వాకరు పట్టుకుని నడుస్తోంది. మంచం మీద కూర్చుని మాట్లాడుతూ, ఉన్నట్టుండి నన్ను అడిగింది. ఇంతకీ నీకు వినబడింది ఎలా ఉంది దీకరా, ఒకసారి చేసి చూపించు అని. దీకరా అంటే కొడుకా అని.

నేను సిగ్గుపడ్డాను. ఈల వేసి ఎన్నేళ్ళయిందో. భాగ్య, "జర చెయ్యరాదూ, గంత అడుగుతాంది ముసలామె," అంది. కళ్ళు మూసుకుని ఆ పొద్దును గుర్తు చేసుకున్నాను. పెదాలు దగ్గరికి చేర్చి ఊదాను. ముందు పొడుగ్గా ఒకటి. ఆగి, వెంటవెంటనే రెండు. మళ్ళీ ఒకటి. పెదాల మీద గాలి తగిలింది, అంతే. ఈల వచ్చిందో లేదో కూడా నాకు తెలియదు.

కళ్ళు తెరిస్తే మౌనిక ఫోనులో ఏదో వేగంగా వెతుకుతోంది. దొరికాక ఫోను మంచం మీద పెట్టింది. తెర మీద లకుముకి పిట్ట బొమ్మ ఉంది. దాని అరుపును ఎవరో రికార్డు చేసి పెట్టారట. అది మోగుతోందని కింద గీత కదలడాన్ని బట్టి తెలిసింది.

ముగ్గురూ కదలకుండా విన్నారు. భాగ్య చెయ్యి మౌనిక మోచేతిని పట్టుకుంది. మౌనిక దాన్ని ఆపి, మళ్ళీ పెట్టింది.

"సేమ్ టు సేమ్ ఉన్నది బాపూ," అంది నా వైపు తిరిగి, నాకు తెలిసేలా పెదాలు నెమ్మదిగా కదుపుతూ. "నడుమ ఆపుడు గూడ గట్లనే. నువ్వెప్పుడన్న ఇన్నవా దీన్ని? ఊర్ల?"

విన్నానేమో. మా ఊళ్ళో వాగు ఉండేది, లకుముకి పిట్టలు ఉండే ఉంటాయి. కానీ నాకు గుర్తున్నంతవరకు ఆ పిట్టను బొమ్మల్లోనే చూశాను. దాని గొంతు ఎలా ఉంటుందో ఎన్నడూ ఆలోచించలేదు. చిన్నప్పుడు విన్నది ఎక్కడో మిగిలి ఉండి ఆ పొద్దు బయటకు వచ్చిందనుకున్నా, సరిగ్గా ఆ పొద్దే ఎందుకు వచ్చింది? ఆ దిక్కు నుంచే ఎందుకు వచ్చింది? మౌనిక నామీది ప్రేమతో సేమ్ అందేమో అని కూడా అనుమానించాను. కానీ బా కూడా తల ఊపింది. భాగ్య కళ్ళు తుడుచుకుంది.

నాకు ఫోను ఇమ్మన్నాను. చెవికి ఆనించుకున్నాను. శబ్దం మొత్తం పెంచమన్నాను. మౌనిక పెంచింది. బా చెవులు మూసుకునేంత పెంచింది.

నాకు ఏమీ వినబడలేదు. ఆ గదిలో ఆ పిట్ట గొంతు అందనిది నాకొక్కడికే.

ఫోను తిరిగి ఇచ్చేసి, బా చేతిలోంచి చాయ్ అందుకుని తాగాను.